మోడలింగ్ కొలువులు: ఏ శాఖవి, ఎన్నాళ్లవి?

డ్యామ్ గేట్లు ఎత్తితే ఊళ్లోకి ఎన్ని అడుగుల నీరు వస్తుందో చెప్పేది ఒక మోడల్. జ్వరం ఒక పేట నుంచి ఇంకో పేటకు ఎంత వేగంగా పాకుతుందో అంచనా కట్టేది మరో మోడల్. పొగగొట్టాల మసి, పంట దిగుబడి, మందు అణువు శరీరంలో ఎక్కడ అతుక్కుంటుందన్నది, వజ్రపు రాయిని ఏ కోణంలో కోస్తే వెలుగు బాగా తిరుగుతుందన్నది కూడా మోడళ్లే తేలుస్తున్నాయి. వీటి అడుగున ఉన్న గణితం చాలావరకు ఉమ్మడిదే. మారే రాశులకు సమీకరణాలు రాయడం, తెలియని గుణకాలను కొలతలతో సరిచూడడం, తప్పు ఎంతవరకు ఉండొచ్చో చెప్పడం అన్నిచోట్లా ఉండే పనే. అయినా ఆ పనికి మనిషిని తీసుకునేటప్పుడు మాత్రం సివిల్ విభాగం సివిల్ వాళ్లనే పిలుస్తుంది, జీవశాస్త్ర విభాగం జీవశాస్త్రం వాళ్లనే పిలుస్తుంది, గణిత విభాగం ఇద్దరినీ కాదంటుంది.

ఈ కొలువులకు ఎవరు అర్హులు, వాటిని ఎవరు ఇవ్వాలి, ఎన్నాళ్లకు ఇవ్వాలి అన్న చర్చ దేశంలో పదిహేనేళ్లుగా ముదురుతోంది. కోవిడ్ దాన్ని రచ్చకెక్కించింది. కృత్రిమ మేధ వచ్చి ఇంకొంచెం చిక్కుముడి వేసింది. ఆ ముడిని విడదీసి చూడడానికి సూరత్ మంచి చోటు. నది, రోగం, కాలుష్యం, వజ్రం ఈ నాలుగూ మోడళ్ల లెక్కలోకి వచ్చిన నగరాలు దేశంలో ఎక్కువ లేవు. తెలుగువారికి అది పరాయి ఊరు కూడా కాదు. తెలంగాణ నేత జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాల మీద తరాలుగా బతుకుతున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. 1961లో మొదలై ఇప్పుడు ఎన్‌ఐటీగా ఉన్న సర్దార్ వల్లభ్‌భాయ్ సంస్థలో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారివి కాబట్టి, తెలుగు విద్యార్థులు ఏటా వచ్చి చేరుతుంటారు.

మూలాలు మన నేల మీదే

మోడలింగ్ పడమటి దేశాల నుంచి కంప్యూటర్‌తో పాటు దిగుమతైన విద్య అన్న అభిప్రాయం ఒకటి ఉంది. చరిత్ర అలా లేదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తరువాత పదేళ్లకు పైగా ఆయన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. దోమలను పూర్తిగా నిర్మూలించకుండానే, వాటి సంఖ్య ఒక మట్టం కన్నా తగ్గితే రోగం దానంతటదే ఆగిపోతుందా? దానికి ఆయన సమీకరణాలతో జవాబు రాశాడు. అంటువ్యాధుల గణితానికి పునాదిరాళ్లలో అదొకటి. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు తమ ప్రసిద్ధ సిద్ధాంతాన్ని సరిచూసుకోవడానికి వాడిన అంకెలు 1905–06లో బొంబాయిలో ప్లేగు మరణాలవి. ఇప్పటికీ ఎపిడమాలజీ తరగతిలో మొదటి పాఠంగా చెప్పే ఎస్ఐఆర్ మోడల్ ఆ వ్యాసం నుంచి వచ్చిందే. ఒరిస్సా నదుల వరదల మీద, ఉత్తర బెంగాల్ వానల మీద మహలనోబిస్ చేసిన గణాంక పరిశీలనలు కూడా ఆ కాలానివే.

వీళ్లలో ఎవరి ఉద్యోగం పేరూ మోడలర్ కాదు. రాస్ సైనిక వైద్యుడు, మెకెండ్రిక్ కూడా వైద్య సేవలో పనిచేసినవాడే, మహలనోబిస్ భౌతికశాస్త్రం చదివి గణాంకాల్లోకి వచ్చినవాడు. తమ పనిలో ఎదురైన ప్రశ్నే వాళ్లను గణితం దగ్గరికి నడిపింది. మోడలింగ్ ఒక ప్రత్యేక కొలువుగా మారింది పెద్ద కంప్యూటర్లు వచ్చాకే. 1950లో అమెరికాలో ఎనియాక్ యంత్రం మీద తొలి వాతావరణ గణన జరిగింది. మన దేశంలో 1988లో మధ్యకాలిక వాతావరణ అంచనాల జాతీయ కేంద్రం ఏర్పడి, క్రే సూపర్ కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి, మోడల్ నడపడమే పూర్తికాలం పనిగా ఉన్న శాస్త్రవేత్తల వర్గం తయారైంది. 1999లో హైదరాబాద్‌లో మొదలైన ఇన్‌కాయిస్ సముద్రం విషయంలో అదే పని చేసింది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జొన్న, శనగ పంటల ఎదుగుదలను వానతో, మట్టితో కలిపి లెక్కించే పంట మోడళ్లు పెరిగాయి. ఈ మూడింటిలోనూ పని ప్రశ్న చుట్టూ అల్లుకుంది. శాఖల గోడలు అక్కడ కొంత పలచబడ్డాయి.

విశ్వవిద్యాలయాల్లో మాత్రం గోడలు చెక్కుచెదరలేదు. చర్చ మొదలైంది అక్కడే.

తాపీ నేర్పిన పాఠం

సూరత్‌కు సుమారు వంద కిలోమీటర్ల ఎగువన తాపీ నది మీద ఉకాయి జలాశయం ఉంది. 1972లో పూర్తయింది. 2006 ఆగస్టు మొదటి వారంలో ఎగువన కుండపోత కురిసింది. జలాశయం నిండుకు దగ్గరపడింది, విడుదల తొమ్మిది లక్షల క్యూసెక్కులు దాటింది. నగరంలో దాదాపు ముప్పాతిక వంతు మునిగిపోయింది. అధికారుల లెక్క ప్రకారమే 150 మందికి పైగా చనిపోయారు. ముందే కొంచెం కొంచెంగా నీరు వదిలి ఉంటే ఇంత జరిగేది కాదని ఒక వర్గం, అంత వరద వస్తుందని ముందే తెలిసే వీలు లేదని మరో వర్గం వాదించుకున్నాయి. ఆ తగవులో అసలు ప్రశ్న మోడల్‌దే. ఎగువన కురిసిన వాన జలాశయానికి ఎప్పుడు, ఎంత చేరుతుంది? వదిలిన నీరు ఊళ్లో ఎంత మట్టం లేపుతుంది?

రెండో ప్రశ్న మీద సూరత్ ఎన్‌ఐటీ సివిల్ విభాగం చేసిన పని చెప్పుకోదగ్గది. ఉకాయి దిగువ తాపీకి వాళ్లు హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ కట్టారు. పనిని దగ్గర్నుంచి చూస్తే ఇలా ఉంటుంది. నదిని అడ్డంగా కోసినట్టు వరసగా అడ్డకోతలు తీసుకోవాలి. ప్రతి కోత దగ్గరా గట్టు ఎత్తు, అడుగు లోతు సర్వేలో తేలాలి. తరువాత నది ఒడలి గరుకుతనాన్ని ఒక సంఖ్యతో చెప్పాలి. ఇంజనీర్లు దాన్ని మానింగ్ గుణకం అంటారు. నున్నటి ఇసుక అడుగైతే అది తక్కువ, పొదలూ రాళ్లూ ఉంటే ఎక్కువ. దాన్ని ఎవరూ నేరుగా కొలవలేరు. గుణకాన్ని కొంచెం కొంచెం మారుస్తూ, మోడల్ చెప్పిన నీటిమట్టం వంతెన దగ్గర నమోదైన మట్టంతో సరిపోయేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. కింది చివర సముద్రపు పోటు ఉంది. వరద వచ్చే వేళకు పోటు కూడా కలిసివస్తే లెక్క మారిపోతుంది. 1998, 2003 వరదలతో గుణకాన్ని సరిచూసి, ఆ మోడల్ 2006 వరదను చెప్పగలదా అని వాళ్లు పరీక్షించి 2011లో ప్రచురించారు.

ఇందులో జలశాస్త్రం ఉంది, సర్వే ఉంది, గణనగణితం ఉంది, సముద్రశాస్త్రం ఉంది. పైగా ఓపిక కావాలి. ఈ పని చేసినవారిలో ఎక్కువమంది ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు, ప్రాజెక్టు ఉద్యోగులు. డిగ్రీ రాగానే, ప్రాజెక్టు ముగియగానే వెళ్లిపోయేవారే. నది మాత్రం ఆగదు. ప్రతి వరదకూ అడుగు మారుతుంది, పూడిక చేరుతుంది, కొత్త గట్లు లేస్తాయి, అడ్డంగా ఆనకట్టలు పడతాయి. ఐదేళ్ల నాటి అడ్డకోతలతో నడిపే మోడల్ ఈనాటి నదిది కాదు. ఈ ఒక్క విషయం చర్చలో అందరూ చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. మోడల్‌కు అవసరమైన ఆయుష్షు పది, పదిహేను వానాకాలాలు. దాన్ని కట్టే ఉద్యోగపు ఆయుష్షు రెండు లేదా మూడు.

2008 తరువాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆసియా నగరాల కార్యక్రమంలో ఇందౌర్, గోరఖ్‌పూర్‌లతో పాటు సూరత్‌ను చేర్చుకుంది. ఆ డబ్బుతో ఉకాయికి ముందస్తు హెచ్చరికల వ్యవస్థ, వాతావరణ మార్పు మీద ఒక ట్రస్టు, పట్టణ ఆరోగ్యానికి ఒక కేంద్రం వచ్చాయి. నగరపాలక సంస్థ, నీటిపారుదల శాఖ, ఎన్‌ఐటీ ఒక బల్ల దగ్గర కూర్చోవడం అంతకుముందు అరుదు. ఆ మేరకు అది గొప్ప మార్పు. అయితే దాతల కార్యక్రమాలకు గడువు ఉంటుంది. సూరత్ కూడా చేరిన, అదే ఫౌండేషన్ వంద నగరాల పథకం 2019లో మూతపడింది. అలాంటి డబ్బుతో వచ్చిన పోస్టులకు కూడా అదే గడువు.

గాలి మీద మరో పద్ధతి

కాలుష్యం విషయంలో సూరత్ నడిచిన దారి వేరు. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి అక్కడి బొగ్గు బాయిలర్ల పరిశ్రమలకు ధూళికణాల వ్యాపారాన్ని మొదలుపెట్టింది. మొత్తం ఎంత మసి వదలొచ్చో మండలి గీత గీస్తుంది. ప్రతి మిల్లూ తన వాటా అనుమతులు పట్టుకుంటుంది. తక్కువ వదిలినవాడు మిగిలినవి అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలినవాడు కొనాలి. ధూళికణాలకు ఇలాంటి మార్కెట్ ప్రపంచంలో ఇదే మొదటిది. చికాగో, యేల్ తదితర విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు 317 పరిశ్రమలను రెండు గుంపులు చేసి పోల్చి చూశారు. మార్కెట్‌లో చేరినవాటి ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయని వాళ్ల అధ్యయనం తేల్చింది.

ఇక్కడ మోడల్ కట్టింది వాతావరణ రసాయన శాస్త్రవేత్తలు కాదు, ఆర్థికవేత్తలు. గొట్టాల మీద అమర్చిన పరికరాలు నిమిషాల లెక్కన పంపే అంకెల నుంచి మొత్తం బరువు తేల్చడం, పరికరం ఆగిపోయిన గంటలకు ఏం లెక్క వేయాలో నిర్ణయించడం, మిల్లు యజమాని ఏ ధరకు ఫిల్టర్ పెట్టుకుంటాడో అంచనా కట్టడం వాళ్ల పని. ఇలాంటి క్షేత్ర ప్రయోగాల దగ్గర రీసెర్చ్ అసోసియేట్లుగా చేరేవారు సాధారణంగా కుర్రవాళ్లు, ఒకటి రెండేళ్లు చేసి విదేశాల్లో పీహెచ్‌డీకి వెళ్లేవారు. అందుకే ఆ పోస్టుకు ఏ శాఖ డిగ్రీ అని గట్టిగా అడగరు. కోడ్ రాయగలవా, ఎండలో మిల్లుల చుట్టూ తిరగగలవా అని అడుగుతారు. శాఖ గోడను దాటడానికి ఇదొక మార్గం. ఉద్యోగపు ఆయుష్షు మాత్రం ఇక్కడ కూడా పొట్టిదే. తేడా ఏమిటంటే, ఈ వ్యవస్థ నడక ఒక చట్టబద్ధమైన మండలి చేతిలో ఉంది. పరిశోధకులు వెళ్లిపోయినా అంకెలు వచ్చే గొట్టం మూసుకుపోదు.

ప్రకటనలో ఉండేది, లేనిది

ప్రభుత్వ సంస్థల్లో ఈ కొలువులకు వాడుకలో ఉన్న పేర్లు జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో), రీసెర్చ్ అసోసియేట్, ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ సైంటిస్ట్. ప్రకటన ఒకటి రెండు పేజీలకు మించదు. ఒక పోస్టు, పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతో పాటే ముగుస్తుంది. ఎంటెక్ ఫలానా శాఖలో, గేట్ లేదా నెట్ తప్పనిసరి. ఆ తరువాత 'ఉంటే మంచిది' అన్న వరుసలో పైథాన్, మ్యాట్‌ల్యాబ్, జీఐఎస్, ఇంకో సాఫ్ట్‌వేర్ పేరు. నిజానికి రోజూ చేయాల్సిన పనంతా ఆ చివరి వరుసలోనే ఉంటుంది. మొదటి వరుసలో ఉన్న డిగ్రీ వడపోతకు మాత్రమే పనికొస్తుంది.

వడపోత మూలం పరీక్షల్లో ఉంది. సీఎస్ఐఆర్ నెట్‌లో చాలాకాలంగా ఉన్నవి ఐదు ప్రధాన విభాగాలు: రసాయన, భూ–వాతావరణ–సముద్ర, జీవ, గణిత, భౌతిక శాస్త్రాలు. గణనతో శాస్త్రం చేసేవారికి విడిగా చోటు లేదు. గేట్ కొంత కదిలింది. 2021 నుంచి రెండు పేపర్లు రాసే వీలు వచ్చింది, పర్యావరణ శాస్త్రం చేరింది, 2022లో జియోమాటిక్స్, 2024లో డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపర్లు వచ్చాయి. అయినా డేటా సైన్స్‌లో గేట్ గెలిచిన అభ్యర్థిని జలవనరుల ప్రాజెక్టుకు తీసుకోవచ్చా అన్నది ప్రకటన రాసే ప్రొఫెసర్ ధైర్యం మీద, సంస్థ కార్యాలయం చూపు మీద ఆధారపడుతోంది. 'తత్సమాన' అన్న మాటను ఆడిట్ వాళ్లు ఎలా చదువుతారోనన్న భయానికి చాలామంది గైడ్లు ఆ మాటే రాయరు.

జీతం సంగతి. జేఆర్ఎఫ్ 2010లో 16,000 రూపాయలు, 2014లో 25,000, 2019లో 31,000, 2023 జనవరి నుంచి 37,000. ఎస్ఆర్ఎఫ్ 42,000, రీసెర్చ్ అసోసియేట్ 58,000 నుంచి. దీనికి ఇంటి అద్దె భత్యం కలుస్తుంది. అందులో హైదరాబాద్ పై తరగతి నగరం, సూరత్, విజయవాడ, విశాఖ, వరంగల్ రెండో తరగతి. 2014లోనూ 2018–19లోనూ పరిశోధక విద్యార్థులు వీధికెక్కితే తప్ప ఈ మొత్తాలు పెరగలేదన్నది కూడా చరిత్రలో భాగమే. పైథాన్ బాగా వచ్చినవాడికి ప్రైవేటు కంపెనీ ఇచ్చేదానితో పోల్చితే ఇది చాలా తక్కువ. మోడలింగ్ పోస్టులకు వచ్చిన చిక్కు కూడా ఇదే. ప్రయోగశాల నైపుణ్యానికి బయట సంత చిన్నది, కోడ్ నైపుణ్యానికి బయట సంత పెద్దది.

సూరత్‌లోనే ఆ సంత కనిపిస్తుంది. ప్రపంచపు వజ్రాల్లో అత్యధిక భాగం సానపట్టేది ఆ ఊళ్లోనే. ముడిరాయి లోపలి మచ్చలను స్కానర్‌తో మూడు కొలతల్లో పట్టి, ఏ కోతకు ఎంత బరువు నిలుస్తుందో, వెలుగు ఎలా తిరుగుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఆ వ్యాపారానికి వెన్నెముక. ఇజ్రాయెల్ కంపెనీ సరీన్ యంత్రాలు అక్కడ బాగా ప్రసిద్ధం. ప్రయోగశాల వజ్రాల మీద ఐఐటీ మద్రాస్‌కు 2023లో కేంద్రం ఐదేళ్లకు దాదాపు 243 కోట్లు ఇచ్చింది. వాయువుల నుంచి వజ్రం పొరపొరగా ఎలా పేరుకుంటుందో మోడల్ చేయగలవారికి అక్కడా పని ఉంది. హైదరాబాద్‌లో మందుల పరిశోధనది అదే వరస. ష్రోడింగర్ వంటి అణు మోడలింగ్ కంపెనీలకు అక్కడ కార్యాలయాలున్నాయి. ఈ ప్రైవేటు కొలువుల్లో శాఖ పట్టింపు తక్కువ, జీతం ఎక్కువ. కాని కట్టిన మోడల్ బయటికి రాదు. దాన్ని ఇంకొకరు పరీక్షించే వీలుండదు.

నాలుగు వాదాలు

చర్చలో పాల్గొనేవారిని స్థూలంగా నాలుగు జట్లుగా చూడొచ్చు. ఒకే మనిషి రెండు జట్లలో కనబడడం మామూలే.

మొదటి జట్టు శాఖే ముందు అంటుంది. నది తెలిసినవాడికి కోడ్ నేర్పడం సులువు, కోడ్ తెలిసినవాడికి నది నేర్పడం కష్టం అన్నది వీళ్ల మాట. దీనికి బలమైన ఆధారం ఉంది. తాపీ మోడల్‌లో గుణకం ఎంతకీ సరిపోకపోతే, తప్పు గుణకంలో లేదు, పోటు లెక్కలో ఉందని పట్టేది నదిని చూసినవాడే. మన విశ్వవిద్యాలయాల్లో అధిక సంఖ్యాకులు ఈ జట్టులోనే ఉన్నారు, కొందరు నమ్మి, కొందరు అలవాటుగా.

రెండో జట్టు పద్ధతే ముందు అంటుంది. సమీకరణాలకు శాఖలుండవు, వరద అల, ట్రాఫిక్ అల, రోగపు అల గణితంలో దగ్గరి బంధువులే, కాబట్టి గణితం గట్టిగా తెలిసినవారిని తీసుకుని ఎక్కడికైనా పంపొచ్చు అంటారు. 2013లో కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు రసాయన శాస్త్రంలో, 2021లో మనాబే, హాసెల్‌మన్, పరీసీలకు భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చినప్పుడు ఈ జట్టు గొంతు పెరిగింది. పెరగాల్సిందే. కాని కోవిడ్ కాలం వీళ్లకు గట్టి దెబ్బ కూడా కొట్టింది. 2020లో శాస్త్ర సాంకేతిక శాఖ వేసిన జాతీయ సూపర్ మోడల్ కమిటీకి ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్, గుంటూరులో పుట్టిన ఎం. విద్యాసాగర్ నాయకత్వం వహించారు. నియంత్రణ సిద్ధాంతంలో ప్రపంచం ఎరిగిన పేరు ఆయనది. ఆ కమిటీ అక్టోబరులో, ఉధృతి దాటిపోయిందని, జాగ్రత్తలు కొనసాగితే 2021 ఫిబ్రవరి నాటికి అంటువ్యాధి బాగా తగ్గిపోతుందని చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన రెండో ఉప్పెనను ఆ మోడల్ తగినంతగా ముందే పట్టలేకపోయింది. ఎపిడమాలజిస్టుల విమర్శ పదునుగా వచ్చింది. కమిటీ తరఫు జవాబు కూడా వినదగ్గదే. కొత్త వేరియంట్‌తో గుణకాలే మారిపోతే పాత గుణకాల మోడల్ ఏదీ ముందే చెప్పలేదు, ఏ మోడల్ అయినా మళ్లీ మళ్లీ సరిచూసుకుంటూ పోవాల్సిందే. ఈ మాట నిజం. కాని వైరస్ మారవచ్చన్న జాగ్రత్తను అంచనా పక్కనే పెద్ద అక్షరాలతో రాయించేది రోగాల మధ్య బతికిన మనిషే అన్న విమర్శకుల మాట కూడా నిజం.

మూడో జట్టు మనిషిని కాక బృందాన్ని ముందు పెడుతుంది. ఒక్కడిలోనే నదీ, గణితమూ, సాఫ్ట్‌వేరూ వెతకడం మానేసి ముగ్గురిని పెట్టుకోండి, అందులో కోడ్‌ను కాపాడే మనిషికి శాశ్వత కొలువివ్వండి అన్నది వీళ్ల వాదం. 2012లో బ్రిటన్‌లో రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అన్న హోదా పేరు పుట్టింది. 2020 మార్చిలో లండన్ ఇంపీరియల్ కాలేజీ కోవిడ్ అంచనా ప్రపంచ ప్రభుత్వాలను కదిలించింది. దాని కోడ్ పదమూడేళ్లకు పైగా పాతదని, వివరణలు లేని వేల వరుసలని తరువాత తెలిసింది. ఈ జట్టు తరచుగా ఆ ఉదాహరణే చూపిస్తుంది. మన దగ్గర 2015లో 4,500 కోట్లతో సూపర్ కంప్యూటింగ్ మిషన్ మొదలైంది. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ, గాంధీనగర్‌లో పరమ్ అనంత వచ్చాయి. యంత్రాలకు పెట్టిన శ్రద్ధలో కొంతైనా వాటి మీద కోడ్ రాసి నిలబెట్టే కొలువులకు పెట్టి ఉంటే బాగుండేది.

నాలుగో జట్టు కొత్తది. సమీకరణాలే ఎందుకు, అంకెలు పోస్తే యంత్రమే నేర్చుకుంటుంది కదా అంటుంది. కొట్టిపారేయదగ్గ మాట కాదు. 2023లో గ్రాఫ్‌కాస్ట్, పాంగు వంటి మోడళ్లు పేరుమోసిన వాతావరణ కేంద్రాల అంచనాలతో పోటీ పడ్డాయి. 2025లో ఐరోపా వాతావరణ కేంద్రం తన కృత్రిమ మేధ మోడల్‌ను రోజువారీ సేవలోకి తెచ్చింది. అదే ఏడాది ఖరీఫ్‌లో మన వ్యవసాయ శాఖ ఇలాంటి అంచనాలతో రుతుపవనాల రాకను దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు సందేశాలుగా పంపింది. అయితే యంత్రం నేర్చుకునేది జరిగినదాని నుంచి. 2006 నాటి తాపీ వరద వంటిది రికార్డులో ఎన్నిసార్లు ఉంటుంది? 2009 అక్టోబరులో శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అంతకుముందు రికార్డుల్లో లేనివే. ఊళ్లను ముంచేది సరిగ్గా ఆ లేనివే. అలాంటిచోట భౌతిక సూత్రం తెలిసిన మోడల్ లేకుండా గడవదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ (ఐఐటీఎం) కట్టిన, ఆరు కిలోమీటర్ల గడులతో లెక్కవేసే భారత్ ఫోర్‌కాస్టింగ్ సిస్టమ్ 2025 మేలో సేవలోకి రావడం ఈ రెండు దారులూ పక్కపక్కనే నడవక తప్పదని చూపుతోంది.

పక్కపక్కన పెడితే

శాఖ జట్టు ఇచ్చేది నమ్మకం, కోల్పోయేది కొత్త పద్ధతి. పద్ధతి జట్టు వేగంగా కదులుతుంది, నేల తడి తెలియక జారుతుంది. యంత్రాభ్యాసం జట్టు మామూలు రోజుల్లో చౌకగా, చక్కగా చెబుతుంది, ఎన్నడూ రాని రోజున తడబడుతుంది. ఖర్చు ఎక్కువైనా మోడల్‌ను బతికించి ఉంచేది బృందం జట్టు ఒక్కటే. అందుకే ఈ సమీక్ష దానివైపు మొగ్గుతోంది. ఒక షరతు మాత్రం ఉంది. ఆ బృందం ఎక్కడ కూర్చుంటుందన్నది ఎవరిని తీసుకున్నామన్నదానికన్నా పెద్ద విషయం. కాలుష్య మార్కెట్ నిలబడ్డది దాని అంకెలు నియంత్రణ మండలి గడపలో ఉన్నందువల్ల. ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరికలు 2007 నుంచి ఎడతెగకుండా సాగుతున్నది, అక్కడి మోడలర్ తెల్లవారుజామున కూడా ఫలితం ఇవ్వాల్సిన కుర్చీలో ఉన్నందువల్ల. ఫలితంతో పని ఉన్నచోటే మోడలర్ కూర్చోవాలి. వరద మోడలర్ ఉండాల్సింది డ్యామ్ కార్యాలయంలోనో నగరపాలక సంస్థలోనో. ఎన్‌ఐటీ అతనికి గురువుగా, పరీక్షకుడుగా ఉంటే చాలు.

1994 ప్లేగు తరువాత ఎస్.ఆర్. రావు కమిషనరుగా ఉన్నకాలంలో సూరత్ నగరపాలక సంస్థ చెత్త ఎత్తడాన్ని, రోగాల నమోదును రోజువారీ కార్యాలయ పనిగా మార్చుకుంది. ఆ ఊరి ఆరోగ్యం మెరుగుపడిందన్న పేరు ఆ దినచర్య వల్లే వచ్చింది. జ్వరాల అంకెలు ఏ ప్రాజెక్టూ అడగకపోయినా రోజూ వస్తాయి. అలాంటి అంకెల పక్కన ఒక మోడలర్ కుర్చీ వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక మంజూరైన పోస్టు చాలు.

తేలని సంగతులు

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు, అవి చిన్నవీ కావు. నగరపాలక సంస్థలో శాశ్వత పోస్టు పొందిన మోడలర్ పదేళ్లకు ఫైళ్లు కదిపే గుమస్తాగా మారిపోడా? పరిశోధన వేడి తగలనివాడు కొత్త పద్ధతి నేర్చుకుంటాడా? ప్రాజెక్టు పోస్టుల తాత్కాలికతలోనే చురుకుదనం ఉందని వాదించేవారికి దీనిమీద చెప్పడానికి చాలా ఉంది. సంస్థ, కార్యాలయం మధ్య రెండేళ్లకోసారి అటూ ఇటూ తిరిగే ఉమ్మడి పోస్టులు మార్గం కావచ్చు. మన సేవా నిబంధనల్లో వాటికి దారి ఇరుకు.

డ్యామ్ భద్రతా చట్టం రెండో చిక్కు. 2021 డిసెంబరు చివర అమల్లోకి వచ్చిన ఆ చట్టం నిర్దిష్ట డ్యాములన్నింటికీ ఐదేళ్లలో అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంటుంది. అంటే కట్ట తెగితే నీరు ఎంతదూరం వెళ్తుందో చూపే ముంపు పటాలు వేలసంఖ్యలో కావాలి. ఆ పని కన్సల్టెన్సీలకు వెళ్లి, పటం అచ్చయి, మోడల్ ఫైలు కంపెనీ దగ్గరే ఉండిపోతే, గడువు తీరుతుంది గానీ ఉద్యోగాలూ పుట్టవు, జ్ఞానమూ నిలవదు. ఒప్పందంలో మోడల్ ఫైలును కూడా అప్పగించాలన్న ఒక్క వాక్యం చేర్చే విషయంలో రాష్ట్రాలు ఒకే మాట మీద లేవు.

తాపీ మధ్యప్రదేశ్‌లో పుట్టి మహారాష్ట్ర మీదుగా గుజరాత్ చేరుతుంది. కృష్ణ, గోదావరులదీ అలాంటి కథే. ఎగువ రాష్ట్రం అంకెలు గంటగంటకూ దిగువ రాష్ట్రపు మోడలర్‌కు చేరే ఏర్పాటు లేనంతకాలం ఎంత నేర్పరిని తీసుకున్నా అతని చేతులు కట్టేసినట్టే. ఇది ఉద్యోగ ప్రకటన తీర్చగల సమస్య కాదు, కాని ఉద్యోగి రోజూ ఎదుర్కొనేది ఇదే.

ఇక అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్. 2023 చట్టంతో వచ్చి, పాత పరిశోధన నిధుల బోర్డు సెర్బ్‌ను తనలో కలుపుకున్న ఈ సంస్థ శాఖల మధ్య పరిశోధనకు పెద్దపీట వేస్తామంటోంది. గణితవేత్తలకు పాత మ్యాట్రిక్స్ పథకం ఏటా రెండు లక్షలు ఇచ్చేది, అందులో మనిషిని పెట్టుకునే వీలు ఉండేది కాదు. కొత్త పథకాల్లో మూడేళ్లు దాటిన మోడలింగ్ పోస్టుకు తావుంటుందా, నెట్ ఐదు విభాగాల గీతను దాటిన అభ్యర్థిని గైడు భయం లేకుండా తీసుకోగలడా అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఆ ఫౌండేషన్ ఇవ్వాల్సి ఉంది. వచ్చే వానాకాలాల్లో తాపీ గట్టున కొత్త అడ్డకోతలు ఎవరు తీస్తారన్నది ఆ జవాబు మీద ఆధారపడి ఉంది.